సొట్ట పడని డబ్బా

పొద్దున మా అమ్మాయి పొగలు కక్కుతున్న అన్నాన్ని స్టీలు డబ్బాలో పెట్టి మూత నొక్కబోతే, "ముయ్యకు" అని గట్టిగా అరిచాను. పిల్ల బిత్తరపోయింది.

ఖరగ్‌పూర్ రైల్వే ట్రాఫిక్ కాలనీలో ఉండగా, తమ్ముడు పుట్టి అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, పదేళ్ల నేను మొదటిసారి నాన్నకి కేరేజీ కట్టాను. స్టీలు డబ్బాలో వేడి అన్నం మీద పప్పు పోసి, ఒలక్కుండా మూతని మోకాలితో అదిమి మరీ మూశాను.

సాయంత్రం నాన్న వర్క్‌షాపు నుంచి రాగానే సంచీ అందుకున్నాను. డబ్బా బరువు కొంచెం కూడా తగ్గలేదు. నా వంట నోట పెట్టలేకపోయాడనుకున్నాను.

"బాగోలేదా నాన్నా?"

"మూత వస్తే గదమ్మా తెలిసేది."

నమ్మలేదు. రైలు చక్రాలు ఊడదీసే మనిషి డబ్బా మూత తియ్యలేడా?

నాన్న ఆ డబ్బాని మరిగే నీళ్లలో కూర్చోబెట్టాడు. కాసేపటికి మూత టప్పుమని దానంతటదే లేచింది. నేను హడలిపోయి వెనక్కి గెంతాను.

"సల్లారకుండా మూసీసినావు. లోపలి ఆవిరి, గాలి సల్లబడి ముడుసుకుపోయి మూతని పట్టీసినాయి. ఇప్పుడు వేడికి మళ్లీ ఉబ్బినాయి."

"పొద్దున్నించీ పస్తేనా? సుత్తితో ఒక్కటి కొట్టలేకపోయినావా?"

"నాతో పన్జేసే బెంగాలీ దాదాలు కొడతామనే అన్నారు. సొట్ట పడితే నువ్వేడుస్తావని నేనే వద్దన్నాను."

పులిసిపోయిన ఆ పప్పన్నం మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

పొద్దున మా అమ్మాయి మూయబోయింది ఆ డబ్బానే. ఇప్పటికీ దాని మీద ఒక్క సొట్టా లేదు.