రంగులేసినవాడి పేరు

నా చిన్నప్పుడు తెనాలిలో మా తాతయ్య పిల్లల కథల పుస్తకాల్లో అచ్చు వేసే బొమ్మలు చెక్క మీద చెక్కేవాడు. ఒక్క బొమ్మకు నాలుగు చెక్కలు, రంగుకొకటి. అలాంటి పుస్తకం ఒకటి మా బడికి వస్తే, అందులోని నెమలి మా తాతయ్య చేసిందేనని గొప్పగా చెప్పాను. మాస్టారు మొదటి పేజీ తిప్పారు. రాసినాయన పేరుంది, ప్రెస్సు యజమాని పేరుంది, తాతయ్య పేరు లేదు. అబద్ధాలకోరునని నన్ను బెంచీ ఎక్కించారు.

ఒళ్లు మండిపోతూ ఇంటికొచ్చాను. తాతయ్య పెట్టెలోంచి విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లీషు పిల్లల పుస్తకం తీశాడు. ఎప్పుడో బాపట్లలో పాత పుస్తకాలవాడి దగ్గర కొన్నాడట. దాన్ని చూసే ఆయన పని నేర్చుకున్నాడు. అందులోని ఒక బొమ్మను భూతద్దం పెట్టి చూపించాడు. పచ్చగడ్డిలో అసలు ఆకుపచ్చే లేదు, పసుపు మీద సన్నటి నీలం గీతలున్నాయి. మొదటి పేజీలో బొమ్మ గీసినాయన పేరు కింద రంగులు అచ్చు వేసినాయన పేరు కూడా ఉంది.

"వాళ్లు వేశారుగా. మరి నీ పేరేది?" అని నిలదీశాను. తాతయ్య పుస్తకం మూసేశాడు.

మర్నాడు ఆ నెమలి బొమ్మ చెక్కలు, రంగులు సంచిలో వేసుకుని బడికి వచ్చాడు. ఒక రంగు ఆరితే గానీ ఇంకోటి వేయకూడదు కాబట్టి అందరి ముందూ కాగితం మీద రోజుకొక్క రంగే అచ్చు వేశాడు. మొదటిరోజు పసుపు మరకలు చూసి, "ఏంటయ్యా ఇది, దుగ్గిరాల పసుపు బస్తా దులిపావా?" అన్నారు మాస్టారు. పిల్లలంతా నవ్వారు. నేనింకా బెంచీ మీదే నిలబడి ఉన్నాను. తర్వాత ఎరుపు, ఆ తర్వాత నీలం. నాలుగోరోజు నల్ల గీత పడగానే పుస్తకంలోని నెమలి అచ్చంగా కాగితం మీదికొచ్చింది. నవ్వినవాళ్లే దగ్గరగా చూడాలని ఎగబడ్డారు.

"సరే, దిగి కూర్చో," అన్నారు మాస్టారు. అంతే. అన్ని రోజులు నిలబెట్టినందుకు ఒక్క మాట లేదు. తాతయ్య చేతులు కట్టుకుని "వస్తానండి" అన్నాడు. ఆ అండిని నేను ఇవాళ్టికీ క్షమించలేదు.

ఆ సాయంత్రం, ప్రెస్సులో పేరు వేయమని ఎందుకు అడగవని మళ్లీ పట్టుకున్నాను. "పని చేతనైంది గానీ అడగడం చేతకాలేదమ్మా. నువ్వు నేర్చుకో," అన్నాడు.

నేర్చుకున్నాను. మొన్న రేపల్లెలో మనవరాలి బడివాళ్లు అచ్చు వేయించిన సంచికలో, బొమ్మలన్నీ వేసిన డ్రాయింగ్ టీచరు పేరు లేదు. హెడ్మాస్టరు గదిలో గంటసేపు కదలకుండా కూర్చుని, ఆ పేరు వేస్తామని కాగితం మీద రాయించుకుని గానీ లేవలేదు. గయ్యాళి ముసలిది అనుకున్నారట. అనుకోనీ. తాతయ్య అడగలేకపోయినవి కూడా నేనే అడుగుతున్నాను, గొంతు పెద్దదిగానే ఉంటుంది.