టెక్కలిలో చూసొచ్చిన రాకుమారి కథ

ఆ ఏడు తుఫాను మా ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలనూ పడగొట్టింది. ఊళ్ళో ఉన్న ఒక్క టీవీ మూగబోయింది. ఆదివారం పొద్దున వచ్చే రాజుల సీరియల్ మంచి పట్టులో ఉండగా మాకు తెగిపోయింది. అందులో రాకుమారికి ప్రాణంలాంటి చెలికత్తె ఉంటుంది. ఆమె శత్రురాజు కూతురని చూసేవాళ్ళకి తెలుసు, రాకుమారికి తెలీదు. జీడిపప్పు పొట్టు తీసే షెడ్డులో మా ఆడవాళ్ళందరికీ ఇళ్ళల్లో చీకటి కంటే ఆ దిగులే ఎక్కువైంది.

అప్పుడు నా స్నేహితురాలు ముందుకొచ్చింది. మాది ఒకే వీధి, పదో తరగతి దాకా ఒకే బెంచీ. టెక్కలిలో వాళ్ళ పిన్ని ఉంది. ఆదివారం మొదటి బస్సుకి వెళ్ళి అక్కడ సీరియల్ చూసొచ్చి, సోమవారం మాకు కథ చెప్తానంది. చెప్పింది కూడా. సొరంగాలు, రాజముద్ర ఉంగరం, విషం కలిపిన పాయసం. ఆమె గొంతు తగ్గించిందంటే మా చేతులు ఆగిపోయేవి. కేకలెయ్యాల్సిన మేస్త్రి గుమ్మానికి ఆనుకుని వినేవాడు.

కొన్ని వారాలకి, ఒక ఆదివారం, నాయనమ్మకి కళ్ళజోడు చేయించడానికి టెక్కలి వెళ్ళాను. ఎలాగూ వచ్చాం కదా, సీరియల్ చూద్దామని నాయనమ్మని ఆ పిన్ని ఇంటికి తీసుకెళ్ళాను. ఆ ఇంట్లో టీవీయే లేదు. అరుగు మీద పక్కింటి మాస్టారు లెక్కలు చెప్తున్నారు. నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని నా స్నేహితురాలు కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, పెరట్లోకి లాక్కుపోయింది.

"నాను పది పాసవనేదే. లెక్కల్లో పోయింది. పాసయినానని సెప్పీసినాను, అయ్య ఊరంతా మిఠాయి పంచీసినాడు. ఇంకేటని సెప్పను?"

"మరి కత?"

"బస్సులో వత్తూ అల్లీసుకుంటాను."

ఇన్నేళ్ళు పక్కన కూర్చున్న నాకు కూడా చెప్పలేదని మనసు చివుక్కుమంది. కానీ ఆ పాయసం, ఆ సొరంగం గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. తనూ నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూనే. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

ఊళ్ళోకి కరెంటు వచ్చిన మొదటి ఆదివారం షెడ్డు ఆడవాళ్ళమంతా టీవీ ముందు చేరాం. తెర మీద రాకుమారి చెలికత్తె సమాధికి దీపం పెడుతోంది. ఆమె చచ్చిపోయి చాలా వారాలైనట్టుంది. మా కథలో అయితే ఆమె మొన్న సోమవారమే గుర్రమెక్కింది. అందరూ నా స్నేహితురాలి వైపు తిరిగారు. ఆమె మొహం పాలిపోయింది.

నాకా ధైర్యం ఎక్కడిదో తెలీదు. "టెక్కలిలో ఏంటెనాకి ఒరియా స్టేషను తగుల్తాది. ఆళ్ళు కత మార్సి తీసినారు" అన్నాను.

షెడ్డులో అందరికంటే పెద్దావిడ కాసేపు ఆలోచించి, ఒరియా వాళ్ళదే బాగుందని, అదే చూసి రమ్మని తేల్చేసింది. దాంతో టెక్కలి ప్రయాణం ఆగలేదు, లెక్కలూ ఆగలేదు.

ఆ తర్వాత వచ్చిన పరీక్షల్లో తను పాసయింది. ఈసారి మార్కుల కాగితం తండ్రి చేతిలో పెట్టి ఉన్నదంతా చెప్పింది. ఆయన లేచి వెళ్ళి మళ్ళీ మిఠాయి తెచ్చాడు. ఎందుకని అడిగినవాళ్ళకి ఊరికేనని చెప్పాడు.

షెడ్డులో కూడా తనే లేచి నిలబడి ఒప్పుకుంది, పది తప్పి ఇప్పుడే పాసయ్యాననీ, కథంతా తన కల్పనేననీ. పెద్దావిడ చేతిలో పప్పు గంపలో వేసింది.

"పాసయినావు, సంతోసం. ముందు ఆ సెలికత్తె సంగతి తేల్సీ."

ఆ రోజు చెలికత్తె తానెవరో రాకుమారికి చెప్పేసింది. రాకుమారి ఏమంటుందో విందామని మేస్త్రి భోజనం గంట కొట్టడమే మరిచిపోయాడు.