తలగడ బిడ్డకి చెప్పిన పాఠం

ఇవాళ పొద్దున్నే మా మనవరాలు తలగడకి తువ్వాలు చుట్టి నా ఒళ్లో పెట్టి, "అమ్మమ్మా, నువ్వు బాలింతవి, నేను నర్సుని. రేపు కాలేజీలో క్లాసు చెప్పాలి, ఓసారి ప్రాక్టీసు చేస్తా" అంది. ఆ తలగడ చేతికి తగలగానే నా మొహం వేడెక్కిపోయింది. ఎందుకో దానికే చెబుతున్నా. రాసుకో తల్లీ, ఇందులో నువ్వూ ఉన్నావు.

నువ్వు పుట్టిన ఏడాది మాట. నర్సింగ్ పాఠాలు చెప్పే మాబోటి వాళ్లందరినీ రాజమండ్రిలో కూర్చోబెట్టి మాకే పాఠాలు మొదలెట్టారు. పెద్దవాళ్లు చెప్పారు కాబట్టి మేమూ చెబుతున్నాం అంటే కుదరదట, ఏ పనికి ఏ రుజువుందో చూసి మరీ నేర్పాలట. ఎవిడెన్స్ అనే మాటకే అప్పట్లో మాకు నాలుక తిరిగేది కాదు. ఆఖర్న అందరి ముందూ ఒక క్లాసు చెప్పి మెప్పిస్తేనే ఇంకొకళ్లకి నేర్పే అర్హత. అది దక్కాలని నాకు ఎంత ఆశో!

నా వంతుకి పసిబిడ్డ బొడ్డు సంగతి వచ్చింది. పసుపూ ఆముదమూ ఏమీ రాయకుండా పొడిగా ఉంచాలని, రాస్తే చీము పట్టొచ్చని, దానికి రుజువులేంటో గడగడా అప్పజెప్పేశా. తల్లి వేషంలో తలగడ పట్టుకు కూర్చున్నది నరసాపురం నుంచి వచ్చిన నా స్నేహితురాలు, నోటి దురుసు మనిషి. అంతకుముందే నిడదవోలులో మా ఇంటికొచ్చి నిన్ను చూసి వెళ్లింది.

"మరి మీ మనవరాలి బొడ్డు మీద పసుపేంటండీ మేడంగారూ? మీ ఇంటి బిడ్డకి వేరే రుజువులు దొరికాయేంటి?" అంది. గదంతా ఘొల్లుమంది.

ఆ పసుపు మీ నాన్నమ్మ రాసింది. మన ఇంటికొచ్చిన వియ్యపురాలు, మగపిల్లాడి తల్లి, ఆవిడ చెయ్యి పట్టుకుని వద్దని ఎలా అంటాం? నా ఈడువాళ్లకి ఈ ఇబ్బంది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ మాట క్లాసులో అనలేక చేతిలో కాగితాలు సర్దుకున్నా. మాకు నేర్పే మేడం ఒక్కరే నవ్వలేదు. రుజువు తెలిస్తే సగమే అయినట్టు, ఇంట్లో చెప్పగలిగాక వచ్చి ఈ క్లాసు మళ్లీ చెప్పండి అని నన్ను పంపించేశారు.

రైల్లో దారంతా మాటలు కూర్చుకున్నా. ఇంటికొచ్చి, ఆవిడకి కాఫీ ఇచ్చి, నీళ్లు నమిలి నమిలి చివరికి పసుపు వద్దని చెప్పా. మాట పట్టింపు వస్తుందని, మీ అమ్మకి ఇబ్బందవుతుందని నా భయం. ఆవిడ నిన్నోసారి చూసి, నన్ను చూసి, "నేనంటే తెలియక రాశాను వదినగారూ. మీరు తెలిసి కూడా ఊరుకున్నారా?" అంది. గొంతులో కోపం కూడా లేదు. క్లాసులో పడ్డ నవ్వులు దాని ముందు ఏపాటి?

తరవాత ఆ క్లాసు నెగ్గా, ఏళ్ల తరబడి ఎంతోమందికి నేర్పా. నీకేమీ కాలేదు, మన అదృష్టం. మీ నాన్నమ్మ ఇప్పుడు లేదు. ఇప్పటి తల్లులు ఫోన్లో చూసి అత్తగారికి వాళ్లే చెప్పేస్తున్నారు, ఎవరూ తప్పు పట్టడం లేదు. మా రోజుల్లో మర్యాదలు ఎక్కువని మేం గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఆ మర్యాదల్లో బిడ్డకన్నా మా మొహమాటాన్నే ముద్దుగా పెంచుకున్నాం.

సరే, తలగడ పట్టుకున్నా, క్లాసు మొదలెట్టు. పసుపు రాస్తే ఏమవుతుందని అడుగుతా. అమ్మమ్మ కదా అని నువ్వు మొహమాటపడకు.