గోల్ కమ్రాల గుసగుస

చాయ్ తాగెటోళ్లు జర కప్పులు కింద పెట్టుండ్రి, పొలమారుతది. మొన్న మా కాలేజీల నా ఇజ్జత్ నేనే తీసుకున్న. వేరెటోళ్ల చెయ్యి లేదు అండ్ల. గది గూడ మామూలుగ కాదు, ఫిజిక్స్ సూత్రం ప్రకారం తీసుకున్న!

మా కాలేజీ తెలుసు గద. అఫ్జల్‌గంజ్ దాటి గల్లీల పోతే పాత దేవిడీ ఒకటుంటది, పెద్ద బంగ్ల, ఎప్పుడో ఏ నవాబుదో. అండ్లనే క్లాసులు. మలక్‌పేట నుంచి బస్సుల నిలబడి పోయి, నిలబడి పాఠం చెప్పి, నిలబడే ఇంటికొస్త. అయినా ఫికర్ లేకుండె. ఫిజిక్స్ అంటే నేను, స్వరూప మేడం. స్వరూప మేడం అంటే ఫిజిక్స్. గట్ల నడుస్తుండె, ఆమె వచ్చేదాక.

ఆమె అంటే డాక్టర్ శ్రీవిద్య. కాకినాడ దిక్కు మనిషి. మైక్రోలేజర్ల మీద పీహెచ్‌డీ. కంటికి ఆననంత చిన్న గాజు పూస లోపల వెలుతురును గిరగిర తిప్పి లేజర్ పుట్టిస్తదంట! నాకు లేజర్ అంటే బోర్డు మీద ఎర్ర చుక్క పెట్టే పాయింటర్ దాకనే ఎరుక. ఆమె వచ్చి నెల గూడ కాలె, ప్రిన్సిపల్ సార్ నోట్లె "డాక్టరమ్మ, డాక్టరమ్మ" తప్ప ఇంకో మాట లేదు. సరే, సార్ సంగతి ఇడిసిపెట్టుండ్రి. క్యాంటీన్ల యూసుఫ్ భాయ్! ఇన్నేండ్ల సంది నాకు చాయ్ సగం సాసర్ల ఒలకబోసి ఇచ్చేటోడు. ఆమెకు కప్పు తుడిచి, పైన మలాయి వేసి, "లీజియే మేడం" అనుకుంట ఇస్తున్నడు. నా కండ్లతోని చూసిన. కడుపుల కుంపటి పెట్టినట్టయింది.

పోనీ, మనిషి చెడ్డదా అంటే కాదు. ఊరి నుంచి కాజాలు తెచ్చి అందరికి పంచింది. మంచిగనే ఉండె. గదే బాధ.

గీ టైంల మా కాలేజీకి కొత్త ఆప్టిక్స్ ల్యాబ్ వస్తున్నదని తెలిసింది. ఇన్‌ఛార్జ్ ఎవరో ఇంకా ఖాయం కాలె. స్టాఫ్ మీటింగ్‌ల సార్ అన్నడు, "సైన్స్ డే నాడు మేనేజ్‌మెంట్ వాళ్లు వస్తున్నరు. మైక్రోలేజర్ల మీద మన డాక్టరమ్మ మాట్లాడుతది."

నా నోరు ఆగుతదా? "సార్, నేను మాట్లాడ్త! సీనియర్‌ను నేను గద!"

సార్ మొహం చూడాలె, వేడి చాయ్ ఒక్కసారే మింగినట్టు పెట్టిండు. శ్రీవిద్య మాత్రం నవ్వుకుంట, "అయ్యో, తప్పకుండా మేడం! మీరే చెప్పండి, నేను కూర్చుని వింటాను" అన్నది. గా మంచితనం చూస్తే ఇంకింత మండింది. కొట్లాడితే ఏం పోతుండె ఆమెకు?

ఇగ మొదలైంది నా తిప్పల. పుస్తకాలు చదివిన, వీడియోలు చూసిన. సగం తలకాయల దిగలె. ఒక్క ముచ్చట మాత్రం మంచిగ అర్థమైంది. గుండ్రటి గోడ దగ్గర మెల్లగ గుసగుస పెడితే, ఆ సప్పుడు గోడనే పట్టుకొని జారుకుంట పోయి, అటు పక్క గోడ దగ్గర ఉన్నోళ్ల చెవుల పడ్తది. నడుమ నిలబడ్డోళ్లకు మాత్రం ఏం ఇనబడదు. చిన్న గాజు పూసల వెలుతురు చేసేది గూడ గిదే పని. బయటికి పోకుంట లోపలి అంచు పట్టుకొని తిరుగుతనే ఉంటది. తిరిగిన కొద్ది పూసల కలిపిన రంగు దానికి బలమిస్తది. బలం బాగ ఎక్కినంక సన్నగ, ఒక్కటే రంగుల బయటపడ్తది. గదే మైక్రోలేజర్.

మా దేవిడీల గోల్ కమ్రా ఉంది గద! గుండ్రటి హాలు, సున్నం గోడ, అద్దం లెక్క నున్నగ. ఇంకేం గావాలె? ముందునాడే కెమిస్ట్రీ నస్రీన్‌ను అటు గోడకు నిలబెట్టి, ఇటు నుంచి "బిర్యానీ తిందామా" అన్న. అటు నుంచి "చలో" అన్నది. బరాబర్ పని చేసింది! కుర్చీలన్ని గోడ పొంటి నేనే దగ్గరుండి ఏపిచ్చిన, ఒక్కలకు గూడ నా గుసగుస తప్పిపోవద్దని.

సైన్స్ డే నాడు పట్టు చీర కట్టి పోయిన. సార్, మేనేజ్‌మెంట్ పెద్దాయన, శ్రీవిద్య, ఫైనల్ ఇయర్ పిల్లలు, అందరు అవతలి గోడ పొంటి కూసున్నరు. ప్రొజెక్టర్ మాత్రం మొండికేసింది. దాన్ని బాగు చేసేదాక ఎవరూ సప్పుడు చెయ్యకుంట చూస్తున్నరు. నేను, నస్రీన్ ఇటు పక్క నిలబడ్డం. అప్పుడే పెద్దాయన వంగి శ్రీవిద్యకు నమస్తే పెట్టిండు. నాకు పెట్టలె!

ఇగ ఆగలె. ఎవరికి కనబడొద్దని మొహం గోడ దిక్కు తిప్పుకొని, నస్రీన్‌తోని మెల్లగ అన్న, "చూసినవా? 'అండీ అండీ' అనుడు తప్ప ఏమొస్తది ఆమెకు? ఆమె డాక్టరైతే నేను కలెక్టర్‌ను. సార్‌కైతే ఫిజిక్స్‌ల ఓనమాలు రావు, ఆమె ఏం చెప్తే దానికి తలకాయ ఊపుతడు. ఆ పెద్దాయన ఇనుకుంట ఇనుకుంట నిద్రపోతడు చూడు."

నస్రీన్ నవ్వింది. "అరె, కైకు జల్రే మా? ఎందుకు గంత మండుతున్నవ్? నువ్వు మంచిగ చెప్పు, ల్యాబ్ నీకే వస్తది."

"ఏం చెప్పుడు? నాకు సగం అర్థమే కాలె. వీడియోలు చూసి బట్టీ పట్టిన. ఎవడన్న డౌట్ అడిగితే ఖతం."

చెవుల మెల్లగ మాట పడ్డది. "మేడం... ఇక్కడ వినిపిస్తోందండి. అందరికీ."

నేను నస్రీన్ దిక్కు తిరిగి, "నీకు 'అండీ' ఎప్పటి సంది వచ్చిందే?" అన్న.

నస్రీన్ వేలుతోని అవతలి గోడ దిక్కు చూపెట్టింది. మొహం తెల్లగ పాలిపోయింది. అప్పుడు ఎలిగింది నాకు, ఆ గొంతు శ్రీవిద్యదని! డెమో నేను "స్టార్ట్" అన్నంకనే మొదలైతదనుకున్న. ఫిజిక్స్‌కు ఏం ఎరుక, నా ప్రోగ్రాం ఎప్పుడు మొదలో?

మెల్లగ ఎనకకు తిరిగి చూసిన. సార్ పైన కప్పు దిక్కు చూస్తున్నడు. పిల్లలు దుపట్టాలు నోట్ల కుక్కుకున్నరు. పెద్దాయన మాత్రం చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, ఇంకేమన్న వస్తదేమోనని ఎదురుచూస్తున్నడు. ఎవరో ఫిక్కుమన్నరు. ఇంకేముంది, కమ్రా మొత్తం నవ్వులే.

పట్టు చీర సర్దుకుంట మైక్ దగ్గరికి పోయిన. "ఇది... డెమో" అన్న.

సార్ తలకాయ ఊపలె ఈ పాలి. "చాలా క్లియర్‌గ వచ్చింది మేడం. ఒక్క అక్షరం గూడ పోలె."

బట్టీ పట్టింది ఎట్లనో ఒప్పజెప్పిన. ఆఖరికి ఒక పిల్ల లేచి, "మేడం, వెలుతురు గాజుల నుంచి బయటికి ఎందుకు పోదు?" అని అడిగింది. గా ముచ్చట నేను బట్టీ పట్టిన దాండ్ల లేకుండె. శ్రీవిద్యనే లేచింది. "గాజు అంచుని వెలుతురు మరీ ఏటవాలుగా తాకుతుంది. అందుకే దాటలేక లోపలికే మళ్లుతుంది. అక్కడ చిన్న గరుకున్నా చెదిరి బయటికి పోతుంది, అందుకే అంచు నున్నగా ఉండాలి. నిజం చెప్పాలంటే, ఈ సంగతి ఇంత బాగా అర్థమయ్యే డెమో నేను ఎక్కడా చూడలేదండి" అన్నది. ఒక్క ఎగతాళి మాట లేదు! ఒక్కటంటే ఒక్కటి! ఒకటన్న అంటే నాకు మనసు నిమ్మళం అయితుండె.

ల్యాబ్ ఆమెకే ఇచ్చిండ్రు. న్యాయమే. క్షమాపణ చెప్తే, "ఊరుకోండి మేడం, ల్యాబ్‌లో నాకు తోడుండండి చాలు" అన్నది.

అయితే ఇనుండ్రి, అసలు బాధ గిది కాదు. తెల్లారి కాలేజీకి పోతే పిల్లలు ఏ గోడ కనబడితే ఆ గోడకు మొహం పెట్టి, "మేడం... ఇక్కడ వినిపిస్తోందండి. అందరికీ" అనుకుంట ఇరగబడి నవ్వుతున్నరు. యూసుఫ్ భాయ్ గూడ చాయ్ ఇచ్చుకుంట గదే అన్నడు! నేను గోడకు అంతసేపు మొత్తుకున్న, అండ్ల ఒక్క ముక్క ఎవరికి యాదికి లేదు. ఇజ్జత్ పోయింది నాది, డైలాగ్ ఫేమస్ అయింది ఆమెది!

మీరే చెప్పుండ్రి, మండదా?