ఒడిల్ వద్దన్న మార్కులు

2018 అక్టోబరు 8, సోమవారం. వందకు తొంభై ఒకటి.

మకెరెటా ఆ అంకెను నీటి విభాగం తెల్లబోర్డు మీద రాయగానే గదిలోని ఏడుగురూ చప్పట్లు కొట్టారు. ఆమె ఫిజీ మనిషి, సువా నుంచి వచ్చింది. సహాయ సంస్థలు డబ్బు పోసిన చోట నిజంగా ఏం నిలబడిందో చూసి చెప్పడం ఆమె వృత్తి. నాలుగేళ్ల కిందట అలాంటి సంస్థ ఒకటి వనువాటులోని ఈ ద్వీపానికి రస్సెల్ అనే ఆస్ట్రేలియా ఇంజనీరును సలహాదారుగా పంపింది. ఇక్కడివాళ్లకు పని నేర్పి, తన అవసరం లేకుండా చేసి వెళ్లడం అతని బాధ్యత. అది ఎంతవరకు నెరవేరిందో చెప్పే అంకె ఇప్పుడు బోర్డు మీద ఉంది. తాను చూసిన కార్యాలయాల్లో దేనికీ ఇంత రాలేదని మకెరెటా అంది.

ఒడిల్ మాలెస్ కూడా చప్పట్లు కొట్టింది. కొట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది.

ఆ ఉదయం మకెరెటా ఆమెను మూడు ప్రశ్నలు అడిగింది. ఊట నుంచి ఊరిదాకా ఎత్తుపల్లాలు మీరే కొలవగలరా? ఏ గొట్టం ఎంత లావుండాలో మీరే లెక్క కట్టగలరా? లైను మీరే వేయగలరా? మూడింటికీ ఒడిల్ "ఆ" అంది. మూడోది నిజం. మొదటిది సగం నిజం. రెండోది అబద్ధం.

ఆమె పుట్టింది కొండ మీది లవాంబులో. అక్కడి ఆడపిల్లలకు నడక వచ్చాక వచ్చే రెండో విద్య నీళ్లు మోయడం. ఫ్రెంచి బడిలో పదో తరగతి ముగించి, గొట్టాల పని నేర్చుకోవడానికి సాంతో పట్నం వెళ్తే తరగతిలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. "ఈ పిల్ల బిగించిన కీలు కారకపోతే నేను గడ్డం తీసేస్తా" అని పందెం కాసిన మేస్త్రీ వారం తిరక్కుండా నున్నటి మొహంతో పనిలోకి వచ్చాడు. నీటి విభాగంలో చేరాక ఒడిల్ బిగించిన గొట్టం కారిందని ఏ ఊరూ ఫిర్యాదు చేయలేదు. కానీ గొట్టం బిగించడం ఒక పని, ఏ గొట్టం బిగించాలో తేల్చడం వేరే పని. ఆ రెండో పని నేర్చుకోవాలనే ఆశతోనే రస్సెల్ వచ్చిన మొదటి నెలలో ఆమె తన కుర్చీని అతని బల్ల పక్కకు జరుపుకుంది.

రస్సెల్ చెడ్డవాడు కాదు. చిక్కంతా అక్కడే ఉంది. ఒడిల్ కొడుక్కి మలేరియా వస్తే అర్ధరాత్రి బండి తీసినవాడు, ఆమె తోటలో పెండలం తవ్వినవాడు. అతని లోపమల్లా పని మరీ బాగా, మరీ వేగంగా చేయడం. గడువు ఎప్పుడూ దగ్గర్లోనే ఉండేది. "ఈసారికి నేను చేసేస్తా ఒడిల్, వచ్చేసారి నువ్వు" అనేవాడు. ఆమె కప్పులో టీ చల్లారేలోగా లెక్క పూర్తయ్యేది. వచ్చేసారి మరో గడువు వచ్చేది. మొదట్లో ఆమె గట్టిగానే అడిగింది. తర్వాత అడగడం తగ్గించింది, ఆపైన మానేసింది. ఒకరు మోస్తుంటే బరువు తెలియదు కదా. కుర్చీ తిరిగి పాత చోటికి ఎప్పుడు చేరిందో ఆమెకే గుర్తులేదు.

ఇక అబద్ధం ఎందుకాడిందంటే, శుక్రవారం రస్సెల్‌కు వీడ్కోలు. అతని కోసం ఆడవాళ్లు మొగలి ఆకులతో చాప అల్లుతున్నారు. మన ఇంటి పెండలం తిన్న మనిషికి చాప అల్లుతున్న వారంలో, అతను మాకేమీ నేర్పలేదు అనే మాట ఈ ద్వీపంలో ఎవరి నోటా రాదు. మదింపును సరిగ్గా ఆ వారంలోనే పెట్టారు. మర్యాదతో తప్ప జవాబు చెప్పలేని ప్రశ్న మర్యాదనే కొలుస్తుంది.

మధ్యాహ్నం ఒడిల్ ప్రాంతీయ కార్యదర్శి జోయాబ్ గదికి వెళ్లింది. పదవికి పెద్ద అయినా వరసకు తమ్ముడు.

"తొంభై ఒకటి తప్పు, తమ్ముడూ. నాకు లెక్క కట్టడం రాదు."

జోయాబ్ పగలబడి నవ్వాడు. "బళ్లో నాకు నలభై ఎప్పుడైనా దాటిందా అక్కా? తొంభై వచ్చి ఏడ్చే మనిషిని నిన్నొక్కదాన్నే చూస్తున్నా!"

"నవ్వకు. లవాంబు లైనుకు గొట్టాలు వచ్చిపడ్డాయి. దాని లెక్క కూడా రస్సెల్ వెళ్లేలోపు చేసి ఇచ్చేస్తానంటున్నాడు. ఆ తర్వాతి ఊరికి ఎవరు చేస్తారు?"

జోయాబ్ నవ్వు ఆపి తలుపు దగ్గరగా వేశాడు. "జనవరి నుంచి ఈ విభాగానికి నువ్వే పెద్ద. ఉత్తర్వు రావడమే తరువాయి. ఇప్పుడు రాదన్నావనుకో, రాజధాని విలా నుంచి ఇంకో తెల్లాయన్ని తెచ్చి ఆ కుర్చీలో కూలేస్తారు. కాస్త నోరు కట్టుకో."

"కట్టుకుంటా. ఎండాకాలంలో కొళాయి తిప్పితే గాలొచ్చిందనుకో, ఊరు తొంభై ఒకటిని తిట్టదు. నన్ను తిడుతుంది."

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే."

"రస్సెల్ కూడా నాలుగేళ్లు అదే మాటన్నాడు" అని ఆమె లేచింది.

నిజం చెప్పాలని తేల్చుకుంది సరే, అతిథి మొహం చిన్నబోకుండా ఎలా చెప్పాలన్నదే తేలలేదు. మర్నాడు పొద్దున్నే కొండెక్కి లవాంబు పెద్ద సిమియన్ దగ్గరికి వెళ్లింది. అతను ఆమెకు మేనమామ. చేమదుంప తురుముతూ అంతా విన్నాడు.

"పిల్లాడికి పడవ చెక్కడం నేర్పేటప్పుడు మామ ఏం చేస్తాడే?"

"పక్కన కూర్చుంటాడు."

"ఇంకా?"

"నోరు మూసుకుంటాడు."

"చేతులు కూడా. మీవాడికి ఆ రెండూ తెలిసినట్టు లేవు." సిమియన్ తురుముడు ఆపాడు. "వీడ్కోలు చాప మీద కూర్చోబెట్టాక ఆ మనిషి పనిముట్టు ముట్టకూడదు. పని చెప్పిన ఊరికి సిగ్గు, చేసిన అతిథికి సిగ్గు. అవునా?"

ఒడిల్ మామ మొహంలోకి చూసింది. అతను మళ్లీ దుంప అందుకున్నాడు.

"శుక్రవారందాకా ఎందుకు? రేపే ఇక్కడే చేసేద్దాం. చాపకు అంచు అల్లడం మిగిలిందట, రాత్రికి అయిపోతుందిలే. ఆ ఫిజీ అమ్మాయిని కూడా రమ్మను. గౌరవం ఎక్కువైందని ఎవరూ నొచ్చుకోరు."

బుధవారం లవాంబులో రస్సెల్ మెడలో పూలదండ పడింది. ఆకుల్లో చుట్టి వేడి రాళ్ల మీద కాల్చిన లాప్‌లాప్ తిన్నాడు. కొత్త చాప మీద కూర్చున్నాడు. సిమియన్ మాట్లాడాడు, ఆడవాళ్లు పాడారు, రస్సెల్ కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు ఒడిల్ లేచి నిలబడింది.

"ఈ ఊరి లైను ఇవాళ నేను వేస్తాను. కొలత నాది, లెక్క నాది. తప్పైతే అదీ నాదే."

రస్సెల్ గబుక్కున లేవబోయాడు. "ఆగు ఒడిల్, కొలిచే పరికరం నా సంచిలో—"

"కూర్చో నాయనా," సిమియన్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "చాప ఎక్కినవాడివి. ఇంక నీ చేతులకు సెలవు."

నల్ల గొట్టపు చుట్టలను మగవాళ్లు దొర్లించుకుంటూ ఊట దగ్గరికి చేర్చారు. ఒడిల్ నీళ్లు నింపిన మేస్త్రీల లెవల్ గొట్టంతో వాలు కొలుచుకుంటూ దిగింది. లెక్క కట్టింది, కొట్టేసింది, మళ్లీ కట్టింది. గొట్టం లావు ఆమే చెప్పింది, కీళ్లు ఆమే బిగించింది. ఊరికి నాలుగు కొళాయిలు. పొద్దు వాలే వేళకు నేల మీద పరిచిన లైనులోకి నీళ్లు వదిలారు.

మొదటి కొళాయి ఎగదన్నింది. పిల్లలు కేకలు పెట్టారు. రెండోది సన్నగా కారింది. మూడోది బుసకొట్టింది. నాలుగోది మౌనం పాటించింది.

"అత్తా, నీ కొళాయికి దగ్గొచ్చింది!" అని ఎవరో పిల్ల అరిచింది.

"దగ్గయినా నయమే, ఆ చివరిది చచ్చింది చూడు" అంది ఒక ముసలామె. ఊరంతా ఘొల్లుమంది.

ఒడిల్ చెవులు వేడెక్కాయి. అయినా మూడో కొళాయి పక్కనుంచి కదల్లేదు.

"రాసుకోండి, మకెరెటా గారూ."

మకెరెటా నవ్వలేదు. "సోమవారం 'ఆ' అన్నారు మీరు."

"సోమవారం మీరు అతిథి గురించి అడిగారు. ఇవాళ నీళ్లు అడిగాయి."

"నాలుగేళ్లలో మొత్తం లైను మీ అంతట మీరు వేయడం ఎన్నోసారి?"

"ఇదే మొదలు."

చాప మీద రస్సెల్ మొహం ఎర్రబారింది. "నేను చేసేస్తే త్వరగా అయిపోతుందనుకున్నాను, ఒడిల్."

"అయిపోయేది. అదే కదా నా బాధ. నేనూ ఊరుకున్నాను. పాపంలో సగం నాదే."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. కాబట్టే అతను తల దించుకోకుండా వినగలిగాడు.

గురు, శుక్రవారాల్లో మకెరెటా మిగిలిన ఆరుగురినీ ప్రశ్నలు అడగడం మానేసి, వాళ్ల వాళ్ల పని తన ముందు చేసి చూపించమంది. శుక్రవారం సాయంత్రం బోర్డు మీద తొంభై ఒకటి చెరిపి నలభై ఏడు రాసింది. జోయాబ్ ఆ గదిలోంచి విసురుగా వెళ్లిపోయాడు. ఆ శనివారం ఎక్కాల్సిన విమానాన్ని రస్సెల్ ఎక్కలేదు. సంస్థను అడిగి ప్రయాణం మూడు వారాలు వెనక్కి జరుపుకున్నాడు.

మరుసటి వారం అతను రోజూ చాప చుట్టి చంకన పెట్టుకుని కొండెక్కేవాడు. దారి పక్కన పరుచుకుని కూర్చునేవాడు. ఒడిల్ అడిగితే జవాబు చెప్పేవాడు, అడగకపోతే పళ్లు బిగబట్టుకునేవాడు. అతని చేతులు మోకాళ్ల మీద నిలవలేక కొట్టుకోవడం పిల్లలకు మంచి వినోదమైంది. సోమవారం ఒడిల్ వాలు మళ్లీ కొలిచింది. రెండో కొళాయి దాటాక తుప్పల్లో ఒక మిట్ట ఉంది. మొదటిసారి తుప్పలు నరకడానికి బద్ధకించి దాన్ని కొలవకుండా దాటేసింది. గాలి అక్కడే చిక్కుకుంటోంది. పైభాగంలో ఆమె ఎంచుకున్న గొట్టం కూడా మరీ సన్నది. ఊట దగ్గర లావు గొట్టానికి మార్చి, మిట్ట మీద గాలి పోయే కీలు బిగించేసరికి గురువారమైంది. మూడో కొళాయి నిండుగా పారింది. నాలుగోది సన్నని ధారగా మొదలై, ఆగకుండా పారింది.

శుక్రవారం జోయాబ్ ఆయాసపడుతూ కొండెక్కి వచ్చాడు. నాలుగో కొళాయి కింద దోసిలి పట్టి తాగాడు.

"ఉత్తర్వు వచ్చిందా?" అని ఒడిల్ అడిగింది.

"రాలేదు. వస్తుందో రాదో తెలీదు. నలభై ఏడు చూసి విలాలో తల పట్టుకున్నారు." మూతి తుడుచుకున్నాడు. "బళ్లో నాకొచ్చిన దానికన్నా ఎక్కువేలే, అక్కా."

ఒడిల్ పార అతని చేతికిచ్చింది. పైన పరిచిన గొట్టాన్ని వానలు పడేలోపు నేలలో పూడ్చాలి. తాను లెవల్ గొట్టం చుట్టి భుజాన వేసుకుని, పక్క ఊరి ఊట వైపు నడిచింది. రస్సెల్ చాప తీయబోతే చేత్తో ఆగమంది.

"ఈ ఊరికి నువ్వు రాకు. సాయంత్రం లెక్క తెచ్చి చూపిస్తా."