కుర్చీకీ గ్రిల్‌కీ మధ్య

“మెల్లిగా మాట్లాడు గేలెన్. ఆయనకి ఊపిరి సగమే ఆడుతోంది గానీ చెవులు మాత్రం పూర్తిగా పనిచేస్తున్నాయి. నేను చెప్పేది విను. ఆ గ్రిల్ పొయ్యి ట్రైలరు గోడకి ఉన్నంతకాలం ఆయన కుర్చీ దాని పక్కనే ఉంటుంది. కుర్చీ జరపనివ్వడు. ఇక జరపాల్సింది గ్రిల్‌నే. దాని గ్యాసు గొట్టం చూస్తే జానాబెత్తెడు. ఎక్కడికని జరపను?”

లవాన్ కుచేరా ఈ మాటలంటూ, చక్రాల మీది ఇల్లులాంటి తమ ట్రైలరు వెనక, భర్త కంటపడకుండా బంపరు చాటున నిలబడి ఉంది. చేతుల్లో ఉడికించిన బంగాళాదుంపల గిన్నె. పక్క స్థలంలో ట్రైలరు పెట్టుకున్న గేలెన్ ఆ గిన్నెలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు.

“నా దగ్గర విడి సిలిండరుంది. దానికో పొడుగాటి గొట్టమూ ఉంది. మీ గ్రిల్ మూతికి సరిగ్గా పడుతుంది, నిన్ననే చూశాను. ఇక్కణ్నుంచి ఊడదీసి ఆ చివర చెట్టు కింద బల్ల మీద పెట్టేద్దాం. ఎంతసేపు పని?”

“ఊడదీస్తుంటే ఆయన చూస్తే?”

“కునుకు తీసేదాకా ఆగుదాం.”

“కునుకు పడితే నోరు తెరుస్తాడు. తెరవగానే పిలుస్తాను. ఇంకో ముక్క తిన్నావంటే నీకు సాయంత్రం సలాడ్ లేదు.”

ఎగతాళికి అన్నదే గానీ ఆమె గొంతులో ఎగతాళి లేదు. వారం రోజులుగా లవాన్‌కి కంటి నిండా నిద్ర లేదు.

నిప్పంటే భయపడే మనిషి కాదు ఆమె. నెబ్రాస్కాలో ఆ చిన్న ఊరి బడి వంటశాలలో పాతికేళ్ల పైన వండింది. మనిషి పట్టేంత గిన్నెలు, నీలం మంట భగ్గుమనే పొయ్యిలు, చేతుల మీద పాత వాతలు. భర్త ఆరిన్ ధాన్యం గిడ్డంగిలో పనిచేసేవాడు. మొక్కజొన్న ధూళి ఏళ్ల తరబడి అతని ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే కాపురం పెట్టింది. ఇంట్లో అతను ఒక్కనాడూ గుడ్డు ఉడకబెట్టి ఎరగడు. ఉద్యోగం మానాక ఈ ట్రైలరు కొన్నాడు. దాని సామాను అరలో, ఫ్యాక్టరీ సంచి కూడా విప్పని గ్రిల్ ఒకటి కనబడింది. గోడకున్న పట్టాకి తగిలించి, పక్కనే ఉన్న గ్యాసు బిగింపులో గొట్టం నొక్కి, మొదటిసారి వెలిగించిన రోజున అతని మొహం చూసి లవాన్ నవ్వాపుకోలేకపోయింది. అరవై దాటిన మనిషి, బొమ్మ దొరికిన పిల్లవాడిలా ఉన్నాడు.

ఆ తర్వాత సరస్సు ఒడ్డున ఈ క్యాంపు స్థలంలో శనివారం సాయంత్రాలు ఆరిన్‌వి అయిపోయాయి. ఆ వరసలో ట్రైలర్లు పెట్టుకున్నవాళ్లంతా ఎవరి మాంసం వాళ్లు తెచ్చి అతని చేతికిచ్చేవారు. ఎవరిది ఎవరిదో తెలియడానికి ఒకరు పుల్ల గుచ్చేవారు, ఒకరు ఉల్లి చక్రం పెట్టేవారు. గ్రిల్ చిన్నది, వాయిలు వాయిలుగా కాల్చాలి. ఆరిన్ అట్లకాడ పట్టుకుని, “వరసలో రండి, తోసుకోకండి, మీకన్నా ఆవుకే ఓపికుంది” అని గద్దించేవాడు. లవాన్ సలాడ్, మొక్కజొన్న కంకులు, నేరేడు రంగు పళ్ల ముద్ద పెట్టిన కొలాచీ రొట్టెలు బల్ల మీద సర్దేది. ఆ రెండు గంటలూ అతనికి దగ్గు కూడా వచ్చేది కాదు.

చలికాలంలో ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినప్పుడు అతని ముక్కుకి గొట్టం వచ్చింది. ఆక్సిజన్ మిషను రాత్రీ పగలూ నడవాలి. దాన్ని ఎలా వాడాలో నేర్పడానికి వచ్చినామె లవాన్‌ని విడిగా వంటింట్లోకి పిలిచి ఒక ఫొటో చూపించింది. ముక్కు గొట్టంతో పొయ్యి దగ్గరికి వెళ్లిన ఒకాయన కాలిన మొహం అది. లవాన్ దాన్ని ఒక్క క్షణమే చూసింది. “మంటకి చాలా దూరంగా ఉండాలి. గొట్టం తీసేస్తే చాలనుకోవద్దు. ఆ గాలి చొక్కాలో, జుట్టులో, గడ్డంలో కాసేపు ఉండిపోతుంది. అప్పుడు ఒక్క రవ్వ చాలు” అంది ఆమె.

ఆరిన్‌కి గడ్డం ఉంది.

ఈ వేసవిలో క్యాంపుకి వచ్చాక ఎవరూ మాంసం పట్టుకుని రాలేదు. జాలిపడ్డారు. చేతులూపి, ఆరోగ్యం అడిగి, తమ తమ పొయ్యిల దగ్గరికి పోయారు. ఆరిన్ గుడ్డ పందిరి కింద, గ్రిల్ పక్కనే కుర్చీ వేయించుకుని, ఎవరి దగ్గర్నుంచి పొగ లేస్తోందో చూస్తూ కూర్చునేవాడు. లవాన్ స్టవ్ మీద లోపలే వండేది.

పోయిన శనివారం ఆమె స్నానాల గది నుంచి తిరిగి వచ్చేసరికి గ్రిల్ వెలుగుతోంది. ఆరిన్ దాని మీదికి వంగి బర్గర్లు తిప్పుతున్నాడు. ముక్కు గొట్టం కుర్చీ మీద దిండులో పడి బుస్సుమంటోంది. అతని పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. గడ్డానికీ మంటకీ మధ్య జానెడు చోటు లేదు. లవాన్ అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడతాడు, ఉలిక్కిపడితే ముందుకు తూలతాడు. గోడ వెంబడి నడిచి వెళ్లి మీట కట్టేసింది. అతను ఆమె వంక చూసి, “ఇంకో వైపు కాలలేదు” అన్నాడు. అంతే. ఆ రోజు నుంచీ ఆమెకి కళ్లు మూస్తే ఆ ఫొటోలోని మొహం ఆరిన్ గడ్డంతో కనబడుతోంది.

ఇప్పుడు పందిరి కింద ఆరిన్ నోరు తెరుచుకుంది. లవాన్ గిన్నె కింద పెట్టి చెయ్యి ఊపింది.

గేలెన్ గోడ దగ్గర మీట కట్టి బిగింపు వెనక్కి లాగాడు. గొట్టంలో మిగిలిన గ్యాసు చిన్నగా తుస్సుమంది. ఆ చిన్న చప్పుడుకే లవాన్ చటుక్కున పందిరి వైపు చూసింది. ఆరిన్ కదల్లేదు. ఇద్దరూ గ్రిల్‌ని పట్టా మీంచి ఎత్తి, గడ్డి మీద అడుగులు వినబడకుండా, స్థలం చివర, దూదిలాంటి నూగు రాల్చే కాటన్‌వుడ్ చెట్టు కిందికి మోసుకుపోయారు. బల్ల మీద పెట్టారు. గేలెన్ తన సిలిండరు బల్ల కాలి దగ్గర నిలబెట్టి గొట్టం బిగించాడు. రెండో కొస గ్రిల్ మూతిలో టక్కున కూర్చుంది.

“చూశారా. పుట్టింటికొచ్చినట్టు దూరిపోయింది.”

“దీని సంగతి ఆరిన్‌ని ఒక్క మాట అడిగితే బాగుండేదేమో,” అంది లవాన్.

“అడిగితే ఏమంటాడు? పక్కకి తప్పుకోరా, నేను వెలిగిస్తానంటాడు. అది ఆపడానికేగా ఈ దొంగతనమంతా.”

అదీ నిజమే. గొట్టం కొస పట్టింది కాబట్టి సరైన గొట్టమే అనుకున్నారు ఇద్దరూ. గేలెన్ సిలిండరు తెరిచాడు. మూత ఎత్తి పట్టుకుని గ్రిల్ మీట తిప్పి, బొత్తాం నొక్కాడు.

మంట లేవలేదు, దూకింది. మనిషెత్తున, పసుప్పచ్చగా, లారీ ఇంజను రంకెలా మోత పెడుతూ పైకి లేచి కొమ్మల్ని అందుకుంది. బల్ల మీద రాలి ఉన్న చెట్టు దూది చిటచిటమని అంటుకుంది. గేలెన్ వెనక్కి పడ్డాడు. మళ్లీ లేచి మీట కట్టబోయాడు గానీ మంట మీట చుట్టూ కూడా నాలుకలు చాస్తోంది, చెయ్యి పెట్టనివ్వడం లేదు. కిందనే సిలిండరు. లవాన్ చూపు దాని మీద పడి అక్కడే అతుక్కుపోయింది.

అప్పుడు వెనక నుంచి దగ్గు వినిపించింది.

ఆరిన్ లేచాడు. కుర్చీ పక్కకి ఒరిగి ఉంది. ముక్కు గొట్టం ముక్కునే ఉంది, తలుపులోంచి పాములా సాగుతూ అతని వెంట వస్తోంది. అతను బల్ల వైపే వస్తున్నాడు. ఏదో చెబుతున్నాడు. మాట వచ్చేంత ఊపిరి లేదు, ఒక చెయ్యి మాత్రం గాల్లో కుడివైపు తిరుగుతోంది.

లవాన్ మంటకి వీపు పెట్టి పరిగెత్తింది. తను మంట ఆర్పాలా, ఈ మనిషిని ఆపాలా అని ఆలోచించుకునే వ్యవధి లేదు. రెండు చేతులతో అతని నడుం చుట్టేసి, తన బరువంతా వేసి వెనక్కి తోసింది. వీపు మీద వేడి తగులుతోంది. అతని చొక్కా ఆమె చెంపకి చల్లగా తగిలింది. అందులో ఏముందో ఆమెకి తెలుసు.

“వదులు,” అన్నాడు ఆరిన్. “సిలిండరు... కట్టమను.”

“గేలెన్, సిలిండరు,” లవాన్ గొంతు చించుకుంది. “గ్రిల్ వదిలెయ్. కిందికి పాకు. కుడివైపు తిప్పు, ఆగేదాకా తిప్పు.”

గేలెన్ పొట్ట మీద పాకి బల్ల కిందికి చెయ్యి చాచాడు. మోత తగ్గింది. మంట కుంచించుకుపోయి, నీలంగా మారి, పోయింది. దూది ఇంకా అక్కడక్కడ ఎర్రగా రాజుకుంటోంది. గేలెన్ తన టోపీతో దాన్ని కొట్టి, పైన నీళ్లు గుమ్మరించాడు. అతని కుడిచేతి మీద వెంట్రుకలు లేవు.

లవాన్ ఆరిన్‌ని వదల్లేదు. అలాగే వెనక్కి నడిపించుకెళ్లి కుర్చీలో కూలేసింది. ఆ కుర్చీ ముందే గడ్డిలో చతికిలబడి అతని పెదాలు చూస్తూ కూర్చుంది. నలుపు పోయి ఎరుపు రావడానికి చాలాసేపు పట్టింది.

“దానికి గ్యాసు ఒత్తిడి తగ్గించే సొంత రెగ్యులేటరు లేదు,” అన్నాడతను చివరికి, ముక్కలు ముక్కలుగా. “షాపులో కొన్న గ్రిల్‌కైతే ఉంటుంది. ఫ్యాక్టరీ వాడిచ్చినది ట్రైలరు రెగ్యులేటరు మీదే బతుకుతుంది. ట్రైలరు ముందువైపు సిలిండర్ల దగ్గర ఉంటుందే, అది. నువ్వు నేరుగా సిలిండరుకి తగిలిస్తే మరి... ఆ గొట్టంతో గేలెన్ ఏం వెలిగిస్తాడు?”

“చేపలు వేయించే పెద్ద పొయ్యి,” అన్నాడు గేలెన్ దూరంగా నిలబడి.

“దానికి అంత గ్యాసు కావాలి. దీనికొద్దు.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “నన్నడిగితే చెప్పేవాణ్ని కదా లవీ.”

“అడిగితే లేచి వస్తావని అడగలేదు.”

“వచ్చేవాణ్నే,” అన్నాడు ఆరిన్. అబద్ధమాడడం అతనికి చేతకాదు.

“ఇప్పుడూ వచ్చావు. గొట్టం ముక్కుకుండగానే వచ్చావు. నేను పట్టుకోకపోతే ఎంతదాకా వచ్చేవాడివి?” లవాన్ అతని చొక్కా అంచు పట్టుకుంది. “నువ్వు ఊపిరాడక పోతావని డాక్టరు చెప్పాడు, దానికి నేను అలవాటుపడుతున్నాను. కాలిపోతావన్నది నేను అలవాటు చేసుకోలేను. నా వల్ల కాదు.”

ఆరిన్ చెట్టు వైపు, మసిబారిన కొమ్మ వైపు చూశాడు.

“ఇక్కడ ఊరికే కూర్చుంటే,” అన్నాడు, “జనం నన్ను అప్పుడే పోయినవాడి లెక్కలో వేస్తున్నారు. చెయ్యూపి పోతున్నారు.”

“ఊరికే కూర్చోవద్దు. నువ్వు చెప్పు, నేను చేస్తాను. కానీ అక్కడ, చెట్టు కింద కూర్చో. ఇప్పుడే చూశాం కదా, నీ గొట్టం అక్కడిదాకా వస్తుంది. వెనక కిటికీలోంచి తెస్తాను. గ్రిల్ దాని గోడకి వెళ్తుంది. నువ్వు బల్ల దగ్గరికి వెళ్తావు.”

“నువ్వు మాడుస్తావు.”

“మాడిస్తే తిట్టు.”

అతను కుర్చీ చేతుల మీద వేళ్లు ఆడించాడు. “ముందు అది చల్లారనీ. తగిలించాక ప్రతి బిగింపుకీ సబ్బు నీళ్లు రాయి. ఒక్క బుడగ వచ్చినా వెలిగించొద్దు. ఈ రోజు జరిగినదానికి లోపల ఏం వదులైందో ఎవరికి తెలుసు.”

చల్లారాక గ్రిల్ మళ్లీ గోడ మీదికి వెళ్లింది, కుర్చీ చెట్టు కిందికి. గేలెన్ తన గొట్టాన్ని చుట్టి, మళ్లీ ఎవరి కంటా పడకుండా ట్రక్కులో వేసి వచ్చాడు. లవాన్ గిన్నె సబ్బు నురగ చేసి, పాత బ్రష్‌తో బిగింపుల చుట్టూ రాసి, మోకాళ్ల మీద కూర్చుని చూసింది. బుడగలు రాలేదు. మళ్లీ రాసి మళ్లీ చూసింది. బడిలో పొయ్యిలు వెలిగించిన చేతులు అవి. అయినా ఈ చిన్న మీట తిప్పే ముందు మూడోసారి కూడా నురగ రాసింది. పొద్దున ఈ గ్రిల్ అంటే ఆరిన్ కోసమే భయపడింది, ఇప్పుడు తన కోసం కూడా భయపడుతోంది. కానీ దీని ముందు నిలబడాల్సినది తనే, ఇంకెవరూ కాదు.

తలెత్తి చూసింది. చెట్టు కింద ఆరిన్ అప్పుడే ముందుకు వంగి కూర్చున్నాడు. ఒక చెయ్యి చెవి దగ్గర, ఊడదీయడానికి సిద్ధంగా, గొట్టం మీద ఉంది. గేలెన్ గడ్డిలో నిలబడి తన నున్నటి చెయ్యి రుద్దుకుంటూ, ఇక తను వెళ్లొచ్చా అన్నట్టు చూస్తున్నాడు.

“నువ్వెక్కడికీ పోవద్దు,” అంది లవాన్. “వెళ్లి ఆయన పక్కన కూర్చో. ఎంతసేపు కాల్చాలి, ఎప్పుడు తిప్పాలి, అన్నీ అడుగు. నాకు తెలిసినవే, అయినా అడుగుతూనే ఉండు, ఆయన చెప్పింది నాకు అరిచి చెప్పు. నేను మీట కట్టి, ఇది పూర్తిగా చల్లారిందని చెప్పేదాకా ఆయన ఆ కుర్చీలోంచి లేవకూడదు. ఆ చెయ్యి ముక్కు దగ్గరికి పోయిందంటే పట్టుకో గేలెన్. ఏమన్నా సరే, వదలొద్దు.”