పాన్ హౌస్‌లో దాక్కున్న ఏడాది

1986 చివర్లో బోధన్ ప్రాంతంలోని ఒక చక్కెర ఫ్యాక్టరీలో షిఫ్ట్ కెమిస్టుగా చేరాను. నా బాధ్యత పాన్ హౌస్. చిక్కబరిచిన చెరుకు రసాన్ని అక్కడ పాన్లనే పెద్ద మూత పాత్రల్లో, లోపలి గాలి తీసేసి, తక్కువ వేడిమీద ఉడికించి చక్కెర పలుకు కట్టిస్తారు. అద్దపు ముక్క మీద చుక్క వేసి వెలుతురుకు పట్టి పలుకు చూడాలి. అదుపు కాస్త తప్పితే అక్కర్లేని సన్న పలుకు పుట్టి పాన్ చెడుతుంది. అందుకని కన్ను పక్కకు తిప్పడానికి ఉండదు.

మరుసటి సీజన్ మొదట్లో మా నాలుగేళ్ల పాప లత కామెర్లతో చనిపోయింది. మా ఊరు మోస్రాలో మా మెట్ట చెలకలో పూడ్చిపెట్టాం. పన్నెండో రోజు డ్యూటీకి వెళ్లాను. కన్ను తిప్పనివ్వని ఆ పని నాకప్పుడు బాగా అక్కరకొచ్చింది. సెలవులో ఉన్నవాళ్ల షిఫ్టులు కూడా అడిగి తీసుకున్నాను. ఎండాకాలం మిల్లు ఆగితే మరమ్మతుల పని నెత్తినేసుకున్నాను. ఆ సీజన్‌లో నా చేతిమీద ఒక్క పాన్ కూడా చెడలేదు. జనరల్ మేనేజర్ అందరి ముందు మెచ్చుకున్నారు. అది నాకు న్యాయంగా దక్కిందే. ఇప్పటికీ గర్వంగానే ఉంది.

ఏడాది కావస్తుండగా నా భార్య సుజాత, మోస్రా పోయొద్దామంది. సీజన్ నడుస్తోందన్నాను.

"మీకు సీజన్ ఎప్పుడు నడ్వదు? ఎండకాలం మిల్లు బందున్నా పైపులు తోముకుంటనే ఉంటిరి. లత పేరు మీ నోట విని ఏడాదాయె," అంది.

ఆ రోజు నాకు వారపు సెలవు. అయినా వేరేవాళ్ల షిఫ్టు తీసుకుని వెళ్లిపోయాను. పాన్‌మన్ యాదగిరి వయసులో పెద్దవాడు, ఆ పనిలో నాకు గురువు. వస్తూనే నిలదీశాడు.

"సుజాతమ్మ బస్టాండ్ల కనవడ్డది సార్, తన తమ్ముణ్ని తోలుకొని మోస్రా పోతున్నది. మీరేడున్నరంటే డ్యూటీ అన్నది. గీ పాన్ మీరు రాకముందు సుత ఉడికింది. అప్పుడు గూడ చక్కెరే అయింది, బెల్లం గాలె."

కోపం వచ్చింది. అయినా అతనన్నది నిజం. షిఫ్టు దిగాక మర్నాటికి సెలవు కాగితం తీసుకున్నాను. కారణం దగ్గర ఎప్పుడూ 'సొంత పని' అని రాసేవాణ్ని. 'కూతురి సమాధి దగ్గరకు వెళ్లాలి' అని రాయడానికి చాలాసేపు పట్టింది. ముఖం కడుక్కుని వెళ్లి సంతకం చేయించుకున్నాను.

ఇంటికొచ్చి సుజాతతో, రేపు వెళ్దామన్నాను.

"నేను పోయొచ్చిన గద," అంది. "మీరు పోయిరాండ్రి. ఒక్కరే."

ఒక్కణ్నే వెళ్లాను. అక్కడ చేయడానికి ఏ పనీ లేదు. సాయంత్రం దాకా కూర్చున్నాను.

తర్వాత చీఫ్ కెమిస్టునయ్యాను. ఇంట్లో చావు జరిగినవాళ్లు అదనపు షిఫ్టు అడిగితే ఇచ్చేవాణ్ని కాదు. మనిషి పని చక్కగా చేస్తున్నాడు కదా అని పైవాళ్లు వాదిస్తే, ఆ ఏడాది నేనూ చక్కగానే చేశానని చెప్పేవాణ్ని.